దూపగొన్న గదిలో ఛాయ్ గ్లాసు

హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో యాసంగి అంటే విత్తన వరి. ఆడ వరుసలు, మగ వరుసలు పక్కపక్కన నాటుతారు. పూత మీదున్న రోజుల్లో, పొద్దు బాగా ఎక్కాక, ఇద్దరు మనుషులు చెరో గట్టున నిలబడి పొడుగాటి తాడును మడి మీదుగా లాక్కుంటూ పోతారు. మగ కంకులు ఊగి పుప్పొడి లేచి ఆడ కంకుల మీద పడాలి. ఆ పని ఎండలోనే చేయాలి, ఆ గంటల్లోనే చేయాలి. అందుకే గట్టు మీద చెట్టు కింద నీళ్ల బిందె ఉండాలి. మా పెద్దబాపు ఎన్నో యాసంగులు ఆ తాడు లాగాడు. వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తిపట్టి గటగటా తాగి, తడి మీసం తుడుచుకుని మళ్లీ మడిలోకి దిగేవాడు. దూప అయితే నీళ్లు తాగాలి. ఆయనకు తెలిసిన వైద్యశాస్త్రంలో ఇది మొదటి సూత్రం.

అరవై దాటాక ఆ సూత్రం తలకిందులైంది. షుగరు, బీపీ కలిసి కిడ్నీలను తినేశాయి. వారానికి మూడు సార్లు బస్సెక్కి పట్నం పోయి, నాలుగు గంటలు మంచం మీద పడుకుని రక్తం కడిగించుకుని రావాలి. అన్నిటికంటే కష్టమైన మందు చీటీ మీద చివర రాసి ఉంది: రోజు మొత్తానికి లీటరు లోపే నీళ్లు. ఛాయ్, చారు, మజ్జిగ, గట్కలో ఉండే నీళ్లు, అన్నీ అందులోనే.

ఒకరోజు తోడుగా నేను పోయాను. అది ఏ ఆసుపత్రో ఇక్కడ చెప్పను. మూడో గంట నడుస్తుండగా గదిలోకి ఫ్లాస్కు వచ్చింది. టెక్నీషియను, సిస్టరు ఇద్దరూ మంచాల మధ్యే, మిషన్ల పక్కనే నిలబడి మాస్కులు గదవ కిందికి దించుకుని కాగితపు గ్లాసుల్లో ఛాయ్ తాగారు. అల్లం వాసన గది నిండా పరుచుకుంది. ఒక గ్లాసు పెద్దబాపు మిషను మీద పెట్టి, ఆ చేత్తోనే ఏదో బటన్ నొక్కి, మళ్లీ గ్లాసు అందుకున్నారు. పెద్దబాపు గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. తిరుగు బస్సులో చాలాసేపటికి అన్నాడు: "వాళ్లు తాగుడు తప్పు కాదు బిడ్డా. పొద్దుగాల సంది నిలవడే ఉన్నరు. కని ఆ గ్లాసు జూస్తే నా పానం గుంజింది."

ఆ ఒక్క గ్లాసు రెండు దారుల్లో ప్రయాణించింది. ఒకటి చూసినవాడి కంటి నుంచి గొంతులోకి. రెండోది తాగినవాళ్ల చేతి నుంచి నోట్లోకి. మొదటి దారి గురించి ఆసుపత్రుల నియమాల్లో పెద్దగా కనబడదు. రెండో దారి గురించి యాభై ఏళ్లకు పైగా నియమాలు రాస్తూనే ఉన్నారు. నేను పెద్దబాపు పక్కన కూర్చున్నవాణ్ని కాబట్టి మొదటి దారితోనే మొదలుపెడతాను.

దూప ఎక్కడ పుడుతుంది? గొంతు ఎండితే దూప అనుకుంటాం. దాని అసలు ఇల్లు మెదడు. రక్తానికీ మెదడుకూ మధ్య మామూలుగా ఒక కట్టుదిట్టమైన గోడ ఉంటుంది. మెదడు లోపలి కుహరాల అంచున ఒకటి రెండు చోట్ల మాత్రం ఆ గోడ పలుచన. అక్కడి నాడీకణాలు రక్తాన్ని నేరుగా రుచి చూస్తాయి. రక్తంలో ఉప్పు చిక్కదనం నూటికి ఒకటి రెండు వంతులు పెరిగితే చాలు, ఆ కణాలు కుంచించుకుపోయి గోల మొదలుపెడతాయి. అదే దూప. ఇంకో మీట కూడా ఉంది. ఒంట్లో రక్తం పరిమాణం తగ్గితే యాంజియోటెన్సిన్ అనే రసాయనం పుట్టి అదే మెదడు భాగానికి కబురు పెడుతుంది: నీళ్లు కావాలి.

డయాలసిస్ మనిషిలో ఈ రెండు మీటలూ ఒకేసారి నొక్కుకుపోతాయి. కిడ్నీ పనిచేయదు కాబట్టి తిన్న ఉప్పు బయటికి పోదు. సెలైన్ సీసా మీద ఉండే లెక్క గుర్తుంచుకుంటే ఇది సులువుగా తెలుస్తుంది. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు, దాదాపుగా మన రక్తపు చిక్కదనం అదే. అంటే బయటికి పోని ప్రతి 9 గ్రాముల ఉప్పూ లీటరు నీళ్లు తాగిస్తేగాని ఊరుకోదు. మామిడి తొక్కు వేసుకుని అన్నం తిన్న మనిషిని "నీళ్లు తక్కువ తాగు" అని తిట్టడం, వాగుకు అడ్డంగా చేతులు పెట్టి ఆగమనడం లాంటిది. నీళ్లు తగ్గించాలంటే ముందు ఉప్పు తగ్గించాలి. ఈ మాట మన దగ్గర ప్రతి రోగికీ మొదటి రోజే చెప్పాలి. చాలామందికి నీళ్ల లెక్క ఒక్కటే చెప్పి పంపిస్తారు.

ఇక మంచం మీద నాలుగు గంటలు. మిషను నిమిషానికి పావు లీటరుకు పైగా రక్తాన్ని లాగి, వెంట్రుకంత సన్నని వేల గొట్టాలున్న ఫిల్టరు గుండా పంపి, కడిగి తిరిగి ఇస్తుంది. ఆ గొట్టాల బయటి పక్కన శుద్ధి ద్రావణం నిమిషానికి సుమారు అర లీటరు చొప్పున పారుతుంటుంది. నాలుగు గంటలకు లెక్క కట్టండి, 120 లీటర్లు. ఒక్క గ్లాసు నీళ్లకు మొహం వాచిన మనిషి చెవి పక్కనే 120 లీటర్ల నీళ్లు కాలువకు పోతాయి. పెద్దబాపు ఆ చప్పుడు వింటూ పడుకునేవాడు.

మిషను విషాలను మాత్రమే తీయదు, రెండు మూడు రోజులుగా ఒంట్లో నిలిచిన నీళ్లనూ తీస్తుంది. రెండు లీటర్లో మూడు లీటర్లో నాలుగు గంటల్లో రక్తనాళాల్లోంచి బయటికి పోతాయి. కండరాల్లో, చర్మం కింద నిలిచిన నీరు అంత తొందరగా వచ్చి ఆ ఖాళీని పూడ్చలేదు. కొందరికి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఆ రెండో మీట, రక్తం తగ్గిందనే మీట, గట్టిగా పడేది సరిగ్గా అప్పుడే. అంటే గదిలోకి ఫ్లాస్కు వచ్చే మూడో గంట రోగికి దూప కాల్చేసే గంట.

మూడో సంగతి నోటిది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి లాలాజలం తక్కువ ఊరుతుంది. నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. ఆ నోటి ముందుకు అల్లం వాసన వస్తే ఏమవుతుంది? రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్నాడు. ఆయన కుక్కలకు ఆహారం కనబడకముందే, దాన్ని తెచ్చే మనిషి కనబడగానే నోరూరేది. వాసన, చప్పుడు, చూపు, ఇవే ఒంటిని తినడానికి తాగడానికి సిద్ధం చేస్తాయి. మనిషి నిగ్రహంతో దీన్ని ఆపలేడు. ఎందుకంటే నిగ్రహం పనిచేసే చోటుకు చేరకముందే ఆ పిలుపు అందిపోతుంది. గోడ వైపు తిరిగిన పెద్దబాపు మనసు బలహీనమై తిరగలేదు. ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉపాయం అది.

ఈ దారిలో ఒక మంచి వార్త కూడా ఉంది. దాహంతో ఉన్నప్పుడు నీళ్లు తాగితే దూప ఎప్పుడు తీరుతుందో గమనించారా? మూడు నాలుగు గుక్కలకే. ఆ నీళ్లు పేగుల్లోంచి రక్తంలోకి చేరడానికి ఇంకా పది నిమిషాలైనా పడుతుంది. మరి మెదడుకు ముందే ఎలా తెలిసింది? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులోని దూప కణాలను నేరుగా గమనించి 2016లో జవాబు ప్రకటించారు. ఎలుక నీళ్లు నాకడం మొదలుపెట్టిన నిమిషంలోపే ఆ కణాలు చల్లబడుతున్నాయి. రక్తం మారకముందే నోటి నుంచి కబురు పోతోంది. ఇంకో వింత ఏమిటంటే, నోరు చల్లబడితే చాలు, నీళ్లు లేకున్నా ఆ కణాలు కొంతవరకు నెమ్మదిస్తున్నాయి. తింటున్నప్పుడు మాత్రం అవే కణాలు ముందుగానే లేచి కూర్చుంటున్నాయి, రాబోయే ఉప్పును ఊహించినట్టు. డయాలసిస్ రోగులకు నర్సులు ఎప్పటి నుంచో చెప్పే "గ్లాసు నీళ్లు వద్దు, ఐసు ముక్క చప్పరించు" అనే సలహా వెనక ఉన్న గుట్టు ఇదే. చిన్న ఐసు ముక్కలో ఉండేది పదిహేను మిల్లీలీటర్ల నీళ్లు. అది నోట్లో ఉండే కొన్ని నిమిషాలూ మెదడుకు చల్లటి కబుర్లు చెబుతూనే ఉంటుంది.

ఇప్పుడు రెండో దారి, చేతి నుంచి నోటికి.

1969 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో రాయల్ ఇన్‌ఫర్మరీలో, కిడ్నీ మార్పిడీ డయాలసిస్ జరిగే చోట, కామెర్లు మొదలయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టు దాకా ఆగలేదు. మొత్తం 11 మంది చనిపోయారు. వాళ్లలో నలుగురు రోగులు కారు, సిబ్బంది. మార్పిడి శస్త్రచికిత్స బృందంలోని వాళ్లూ అందులో ఉన్నారు. కారణం హెపటైటిస్ బి. అప్పటికి ఆ వైరస్‌ను గుర్తుపట్టే పరీక్ష ఇంకా కొత్తది, టీకా లేనే లేదు. ఐరోపాలో, అమెరికాలో అనేక డయాలసిస్ కేంద్రాలు ఆ దశాబ్దంలో ఇదే దెబ్బ తిన్నాయి. 1972లో బ్రిటన్‌లో రోజెన్‌హైమ్ కమిటీ నివేదిక వచ్చింది. వైరస్ ఉన్న రోగులను వేరు చేయడం, రక్తాన్ని తాకే ప్రతి చేతినీ కాపాడడం అప్పటి నుంచి పద్ధతిగా మారాయి.

ఎడిన్‌బరోలో టీ తాగడం వల్ల ఎవరో చనిపోయారని నేను చెప్పడం లేదు. సూదులు, రక్తపు చిందులు, కోసుకున్న వేళ్లు, ఇవి ఆ వైరస్‌కు పెద్ద దారులు. హెపటైటిస్ బి, సి రెండూ అన్నంతో, నీళ్లతో వ్యాపించే జబ్బులు కావు. ఈ మాట గట్టిగానే చెప్పాలి. మన ఊళ్లలో కామెర్లు వచ్చిన మనిషికి కంచం వేరు, గ్లాసు వేరు చేసి, పక్కన కూర్చోవడానికి కూడా జంకే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మరి గదిలో తినొద్దనే నియమం ఎందుకు? హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. మరక కంటికి కనబడాల్సిన పని లేదు. డయాలసిస్ మిషను మీది బటన్లు, బీపీ పట్టీ, మంచం కమ్మి, పెన్ను, వీటిని రోజంతా ముట్టుకునే చేతులు ఒక్కటే. మన నోరు కూడా అనుకున్నంత పకడ్బందీ కోట కాదు. పళ్లు తోముకున్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వచ్చేవాళ్లు ఎంతమంది! పెదవి పగుళ్లు, నోటిపూత, గోరు పక్కన లేచిన చర్మం, ఇవన్నీ తెరిచిన కిటికీలే. 2015లో ఆస్ట్రేలియాలో 26 మంది వైద్య విద్యార్థులను వీడియో తీసి లెక్కపెడితే, ఒక్కొక్కరు గంటకు సగటున 23 సార్లు మొహం ముట్టుకున్నారు. అందులో నూటికి 44 సార్లు చెయ్యి పోయింది నోటికో ముక్కుకో కంటికో. అది ఊరికే కూర్చుని పాఠం వింటున్నప్పటి లెక్క. చేతిలో సమోసా ఉంటే వేరే చెప్పాలా?

అమెరికాలో 1991లో వచ్చిన రక్తజనిత వ్యాధుల నిబంధన తిండి దగ్గర ఆగలేదు. రక్తం తగిలే అవకాశమున్న పనిచోట తినకూడదు, తాగకూడదు, పొగతాగకూడదు, పెదాలకు రంగు గానీ మందు గానీ పూసుకోకూడదు, కంటి కటకాలు సర్దుకోకూడదు. రక్తం సీసాలు పెట్టే ఫ్రిజ్‌లో అన్నం డబ్బా పెట్టకూడదు. వీటన్నిట్లోనూ ఉన్నది ఒకటే ఆలోచన, ఆ గదిలో ఉన్నంతసేపు చెయ్యికీ మొహానికీ సంబంధం తెగిపోవాలి. ఈ ఆలోచన ల్యాబుల్లో ఇంకా పాతది. ద్రవాలను గాజు గొట్టంతో నోటితో పీల్చి కొలిచే అలవాటు ల్యాబుల్లో చాలాకాలం ఉండేది. 1893లోనే ఒక వైద్యుడు అలా పీలుస్తూ టైఫాయిడ్ సూక్ష్మజీవులను మింగేశాడు.

రక్తపు వైరస్‌లు సరే, అసలు నేరుగా నోటి దారినే వెతుక్కునే క్రిములు కూడా అదే గదిలో ఉంటాయి. యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడిన రోగులకు విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలె అనే బ్యాక్టీరియా గింజల రూపంలో మంచం కమ్ముల మీద నెలల తరబడి ఉండగలదు. శానిటైజరు దాన్ని చంపలేదు. సబ్బు, పారే నీళ్లతో రుద్ది కడుక్కుంటే కొట్టుకుపోతుంది. కరోనా తర్వాత మనకందరికీ శానిటైజరు ఒక్కటే చాలుననే నమ్మకం కుదిరింది. రోగి దగ్గరి నుంచి లేచి బిస్కెట్ ప్యాకెట్ విప్పే ముందు మాత్రం అది చాలదు.

క్యాన్సర్ మందులు ఎక్కించే గదిలో ప్రమాదం క్రిమి కాదు, మందే. 1979లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు ఆ మందులు కలిపే నర్సుల మూత్రంలో జన్యువులను దెబ్బతీసే గుణం కనబడుతోందని చూపించారు. ఆ మందులు బల్ల మీద, చేతి తొడుగు మీద, తలుపు పిడి మీద అంటుకుని ఉంటాయి. అక్కడి బల్ల మీద పెట్టిన చపాతీకి మసాలా ఏమిటో తినేవాళ్లకు తెలియదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా సిబ్బందికి వచ్చే ముప్పు. నన్ను ఎక్కువ భయపెట్టేది తిరుగు ప్రయాణం. మొదట్లో చాలామందికి డయాలసిస్ మెడలో పెట్టిన గొట్టం ద్వారా జరుగుతుంది. ఆ గొట్టం కొస గుండె దగ్గర ఉంటుంది. దాని మూత తీసి మిషనుకు కలిపే కొన్ని క్షణాలు గుండెకూ గదిలోని గాలికీ మధ్య తలుపు తెరిచినట్టే. అందుకే ఆ సమయంలో నర్సుకూ రోగికీ ఇద్దరికీ మాస్కు ఉండాలంటారు. ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. ముక్కులో ఉన్నంతసేపు అది పెంపుడు జంతువు, మెడ గొట్టంలోకి పోతే పులి. డయాలసిస్ రోగుల ప్రాణం తీసే రక్తపు ఇన్‌ఫెక్షన్లలో దానిది పెద్ద వాటా. ఛాయ్ తాగాలంటే మాస్కు దించాలి. దించిన చెయ్యి ముక్కును తాకుతుంది, గ్లాసును తాకుతుంది, అలారం మోగితే అదే చెయ్యి పరుగున పోయి గొట్టం మీద పడుతుంది. అలారం చేతులు కడుక్కునే దాకా ఆగదు. ఆ రోజు పెద్దబాపు మిషను మీది బటన్ నొక్కిన చెయ్యి మంచిదా చెడ్డదా అన్నది కాదు నా ప్రశ్న. ఆ రెండు పనుల మధ్య కడుక్కోవడానికి చోటూ సమయమూ లేవు.

ఇక్కడ సిబ్బంది అడిగే ప్రశ్న ఒకటుంది, న్యాయమైనది. "రోగులు మంచం మీదే ఇడ్లీ తింటున్నరు కదా, మేం తింటే ఏంది?" నిజమే. జర్మనీ, జపాన్‌లలో డయాలసిస్ మధ్యలో రోగికి భోజనం పెట్టడం మామూలు. అమెరికాలో చాలా కేంద్రాలు వద్దంటాయి, తిన్నాక రక్తం పేగుల వైపు మళ్లి బీపీ పడిపోతుందని. రెండు పక్కలా కారణాలున్నాయి. ఒక్కో డయాలసిస్‌లో 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు కడిగేసుకుపోతాయి. కిలో బరువుకు రోజుకు గ్రాము కంటే ఎక్కువ ప్రొటీన్ కావాల్సిన మనిషి పొద్దున ఐదింటికి బస్సెక్కి మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే ఎండిపోతాడు. బీపీ నిలకడగా ఉన్నవాళ్లు గుడ్డో ఇడ్లీయో కొంచెం తినడమే మేలని నా అభిప్రాయం, వాళ్ల డాక్టరును అడిగి. కానీ రోగి తినడం, సిబ్బంది తినడం ఒకటి కాదు. రోగి చెయ్యి తన మంచాన్నే, తన దుప్పటినే ముట్టుకుంటుంది. అక్కడున్నవి చాలావరకు తన క్రిములే. సిస్టర్ చెయ్యి పది మంచాలను ముట్టుకుంటుంది. పది మంది రక్తానికీ ఒకే కూడలి ఆ చెయ్యి. నాలుగు బాటల మధ్య చింతచెట్టు కింద కూర్చుని సద్ది విప్పినట్టు అక్కడ విప్పలేం.

టీకా సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ల గొప్ప ఇందులో ఉంది కాబట్టి. హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి వచ్చే రోజుల్లో దాని ధర మామూలు మనిషికి అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్, కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన సంస్థ, షాన్‌వ్యాక్-బి పేరుతో దేశంలో తొలిసారి జన్యుసాంకేతికతతో ఆ టీకా తయారుచేసింది. ధర పడిపోయింది. ఇవాళ డయాలసిస్ గదిలో పనిచేసే ప్రతి ఒక్కరూ, ఊడ్చే ఆయమ్మతో సహా, మూడు డోసులు వేయించుకుని ఉండాలి, ప్రతిరక్షకాలు వచ్చాయో లేదో పరీక్ష చేయించుకోవాలి. హెపటైటిస్ సికి మాత్రం ఇప్పటికీ టీకా లేదు.

ఇంతవరకు చదివినవాళ్లు ఆ టెక్నీషియను మీద, సిస్టరు మీద కోపం తెచ్చుకుంటే నేను సరిగ్గా రాయలేదన్నట్టే. పెద్దబాపు వాళ్లను తప్పుపట్టలేదు. నేనూ పట్టను. తెలంగాణ ఏర్పడ్డప్పుడు ప్రభుత్వ రంగంలో డయాలసిస్ కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. తర్వాత జిల్లా ఆసుపత్రులకు, ఏరియా ఆసుపత్రులకు విస్తరించి నూరు దాటాయి. ఒకరికి వాడిన ఫిల్టరు మళ్లీ వాడని పద్ధతి పెట్టారు. 2022 నుంచి డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను కూడా మొదలైంది. ఒకప్పుడు హైదరాబాద్ పోలేక ఇంటి దగ్గరే ఊపిరాడక చనిపోయినవాళ్లను చూసిన మా వైపు జనానికి ఇది ఎంత పెద్ద మార్పో మాటల్లో చెప్పలేను. మంచాలు పెరిగాయి, మిషన్లు పెరిగాయి, షిఫ్టులు పెరిగాయి. ఒక షిఫ్టు రోగులను దించి, మిషను శుభ్రం చేసి, రెండో షిఫ్టును ఎక్కించే మధ్యలో మనిషి కూర్చుని తినే అరగంట మాత్రం ఆ లెక్కలో ఎక్కడా పడలేదు.

ఆకలీ దాహం సిబ్బందికీ ప్రమాదమే, వాళ్ల చేతుల్లో ఉన్న రోగికీ ప్రమాదమే. ఇంగ్లండ్‌లోని నాటింగమ్‌లో డాక్టర్లనూ నర్సులనూ పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, డ్యూటీ ఎక్కేటప్పటికే నూటికి 36 మంది ఒంట్లో నీళ్లు తక్కువ. దిగేటప్పటికి 45 మంది. అలాంటివాళ్లలో జ్ఞాపకశక్తి పరీక్షల ఫలితాలు తగ్గాయి. అది చలిదేశం. మన మే నెల ఎండల్లో ఆ లెక్క ఎక్కడుంటుందో ఊహించుకోవచ్చు. 2020 మార్చిలో ఇండోనేసియా నుంచి వచ్చిన బృందంలో పది మందికి కరోనా తేలి కరీంనగర్ పట్టణం దేశమంతటి వార్తల్లోకెక్కింది. ఆ తర్వాత నెలల పాటు డాక్టర్లు, నర్సులు ప్లాస్టిక్ కిట్లు తొడుక్కుని, మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు మానేసి పనిచేశారు. వార్డులో అంత జాగ్రత్తగా ఉన్నవాళ్లు, ఇరుకు టీ గదిలో ఎదురెదురుగా మాస్కులు దించి ఒకరికొకరు అంటించుకున్న సంఘటనలు ప్రపంచమంతా జరిగాయి. అంటే గది ఉంటే చాలదు. గాలి ఆడాలి, కూర్చునే చోటు విశాలంగా ఉండాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. 150 మందికి మించి పనిచేసే చోట భోజనం చేసే గది, విశ్రాంతి చోటు ఉండాలంది. బట్టల మిల్లుకు దొరికిన ఆ గది, ప్రాణాలు నిలబెట్టే గది పక్కన ఎందుకు లేదు? 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో, సుదీర్ఘ డ్యూటీ మధ్యలో సెమినార్ గదిలో విశ్రమించిన యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత, సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని వేసింది. వైద్యసిబ్బందికి సరైన విశ్రాంతి గదులు లేవన్న మాట అప్పుడు దేశం చెవిన పడింది. అంత మూల్యం చెల్లించాక పడింది.

"ఇచ్చట తినుట, తాగుట నిషేధం" అని గోడ మీద రాయడానికి ఒక డబ్బా రంగు చాలు. ఆ నియమం నిజంగా నిలబడాలంటే పక్కనే తలుపున్న ఒక గది కావాలి. తలుపు దగ్గర మోచేత్తో తిప్పగల నల్లా, సబ్బు కావాలి. మంచాలు కనబడేలా అద్దపు కిటికీ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకరు టిఫిన్ డబ్బా విప్పినప్పుడు అలారం వినే రెండో మనిషి కావాలి. ఈ రెండో మనిషి జీతమే అసలు ఖర్చు, మిగతావన్నీ చిల్లర. ఇవేవీ ఇవ్వకుండా తనిఖీకి వచ్చి, మిషను మీద గ్లాసు కనబడిందని సిస్టరుకు మెమో ఇచ్చే అధికారి ఆ గ్లాసు సంగతి ఏమీ అర్థం చేసుకోలేదని నేనంటాను.

కొన్ని నెలల తర్వాత పెద్దబాపును ఇంకో చోటికి మార్చారు. అది పెద్ద ఆసుపత్రేం కాదు. గది చివర పాత స్టోర్‌రూము ఖాళీ చేసి, చిన్న అద్దం పెట్టి, నాలుగు కుర్చీలు వేసుకున్నారు. ఛాయ్ వచ్చే వేళకు సిబ్బందిలో ఒకరు లోపలికి పోయేవారు, పదిహేను నిమిషాలకు చేతులు తుడుచుకుంటూ వచ్చేవారు, అప్పుడు రెండోవారు పోయేవారు. వాసన గదిలోకి వచ్చేది కాదు. మా పెద్దమ్మ ఇంటి నుంచి చిన్న థర్మసులో ఎనిమిది ఐసు ముక్కలు లెక్కపెట్టి తెచ్చేది, కొంచెం నిమ్మరసం చుక్క కలిపి గడ్డ కట్టించినవి. మూడో గంట దాటగానే సిస్టరు అటుగా వచ్చి, "పెద్దాయనా, ముక్క పెట్టుమంటవా పెద్దమ్మను?" అని అడిగి బీపీ చూసేది. పెద్దమ్మ చెంచాతో ఒక ముక్క తీసి ఆయన నాలుక మీద పెట్టేది. ఆయన కళ్లు మూసుకుని, పొలం గట్టు మీద చెంబు ఎత్తినప్పటిలాగే, గదవ కొంచెం పైకి లేపేవాడు. తర్వాత చీటీ మీద అంకె రాసుకునేవాడు.

ఒకరోజు తిరుగు బస్సులో కాకతీయ కాలువ వంతెన దాటేదాకా ఆయన మాట్లాడలేదు. కాలువ నిండా నీళ్లు పారుతున్నాయి. వంతెన దాటాక థర్మసు మూత తీసి లోపలికి చూసి నాకు చూపించాడు.

"ఇయ్యాల మూడు మిగిలినయ్ బిడ్డా."